వరుస మార్పుపై అధికారం: వెబ్ పేజీ కూర్పు చరిత్రలో ఒక అధ్యాయం

అచ్చు పుస్తకంలో పుట వెడల్పు ముందే ఖాయమై ఉంటుంది గనుక, పంక్తి ఎక్కడ ముగియాలో కంపోజిటర్ ఒక్కసారి నిర్ణయిస్తే ఆ నిర్ణయం ఆ ముద్రణలోని ప్రతులన్నింటికీ వర్తిస్తుంది. వెబ్ పేజీని తయారు చేసేవారికి ఆ వెడల్పు తెలియదు. ఒకే పేజీ ఒకచోట చేతిలోని ఫోన్‌లోనూ, మరొకచోట బల్లమీది కంప్యూటర్‌లోనూ, ఇంకొకచోట అక్షరాలను నాలుగింతలు పెంచుకుని చదివేవారి తెరమీదా తెరుచుకుంటుంది. అందుచేత ఒక వరుసలో చోటు చాలనప్పుడు మిగిలిన మాటలు, బొమ్మలు, పెట్టెలు తరువాతి వరుసకు జారాలా, ఉన్న వరుసలోనే ముడుచుకుని సర్దుకోవాలా, అంచు దాటి బయటికి పోవాలా అన్న ప్రశ్నకు ప్రతి పాఠకుని తెరపైనా కొత్తగా సమాధానం దొరకాలి. అలా తరువాతి వరుసకు జారడాన్ని ఈ వ్యాసంలో వరుస మార్పు అని పిలుస్తున్నాము. దానిని నియంత్రించడానికి నేడు వాడే ప్రధాన సాధనం ‘ఫ్లెక్స్-ర్యాప్’ అనే ఒక చిన్న నిబంధన. అది బ్రౌజర్లన్నింటిలో స్థిరపడడానికి వెబ్ పుట్టిన తరువాత రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ కాలమంతా నడిచిన వాదం సాంకేతికమైనదిగా కనిపించినా, దాని అడుగున ఉన్నది అధికార విభజన: వరుస ఎక్కడ మారాలో చెప్పే హక్కు పేజీని రూపొందించేవారిదా, దానిని చూపే బ్రౌజర్‌దా, చదివేవారిదా అన్నదే అసలు విషయం.

అచ్చు పని నుంచి అందిన రెండంచెల పద్ధతి

చేతి కంపోజింగ్‌లో అక్షరాలను కంపోజింగ్ స్టిక్ అనే చిన్న లోహపు పట్టీలో పేర్చేటప్పుడు రెండు పనులు వరుసగా జరిగేవి. ఈ పంక్తిలో ఎన్ని మాటలు పడతాయో తేల్చడం మొదటిది. పట్టగా మిగిలిన చోటును మాటల మధ్య సమంగా పంచి పంక్తిని రెండు అంచులకూ ఆనించడం రెండవది. 1886 జూలైలో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక కార్యాలయంలో పని మొదలుపెట్టిన ఒట్మార్ మెర్గెంథాలర్ లైనోటైప్ యంత్రం ఈ రెండవ పనిని తన మీద వేసుకుంది. ఆ యంత్రంలో మాటల మధ్య పడే స్పేస్‌బ్యాండ్ ఒక చీలిక ఆకారంలో, పైన సన్నగా కింద మందంగా ఉండేది. పంక్తి పూర్తయ్యాక ఆ చీలికలన్నింటినీ ఒకేసారి కింది నుంచి పైకి నెడితే మాటల నడుమ ఖాళీలన్నీ ఒకే మోతాదులో విచ్చుకుని పంక్తి బిగుసుకునేది. మొదటి పని, అంటే పంక్తిని ఎక్కడ తెంచాలన్న నిర్ణయం మాత్రం, కీబోర్డు ముందు కూర్చున్న మనిషి చేతిలోనే ఉండిపోయింది.

ఆ మొదటి పనిని గణితంగా మార్చిన ఘనత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ నూత్‌ది. 1970ల చివర ఆయన రూపొందించిన టెక్ అనే అక్షర కూర్పు వ్యవస్థలో ప్రతి అక్షరమూ, ప్రతి మాటా ఒక పెట్టె. పెట్టెల మధ్య ఉండే సాగే, కుంచించుకునే ఖాళీకి ఆయన గ్లూ అని పేరు పెట్టాడు. ప్రతి గ్లూకు సహజమైన కొలత ఒకటి, ఎంతవరకు సాగవచ్చో ఒకటి, ఎంతవరకు కుంచించుకోవచ్చో ఒకటి చొప్పున మూడు సంఖ్యలు ఉండేవి. మైకేల్ ప్లాస్‌తో కలిసి ఆయన 1981లో ప్రచురించిన పరిశోధన పత్రం పంక్తులను తెంచడంలోని రెండు మార్గాలను స్పష్టంగా వేరుచేసింది. పట్టినన్ని మాటలను ఒక పంక్తిలో వేసి, పట్టని మాట రాగానే తరువాతి పంక్తికి వెళ్లి, వెనక్కి తిరిగి చూడకుండా సాగిపోవడం ఒక మార్గం. పేరా మొత్తాన్ని ఒకేసారి ముందుంచుకుని, ఏయే చోట్ల తెంచితే పంక్తులన్నీ కలిసి తీరుగా కుదురుతాయో లెక్కగట్టడం రెండవ మార్గం. టెక్ రెండవ దానిని ఎంచుకుంది. వెబ్ బ్రౌజర్లు, వేగం కోసం, మొదటి దానిని ఎంచుకున్నాయి. ఆ ఎంపిక ప్రభావం మాటల వరుసలను దాటి పెట్టెల వరుసల దాకా వ్యాపించి నేటికీ కొనసాగుతోంది.

బ్రౌజర్ ఏలుబడి

జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి ఆ తరువాతి రెండేళ్లలో రూపమిచ్చిన వెబ్, పరిశోధకుల పత్రాలను ఏ రకం కంప్యూటర్‌లోనైనా చదువుకోగలగాలన్న లక్ష్యంతో పుట్టింది. అందులో ‘ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా’ అని గుర్తులు పెట్టడం వరకే రచయిత పని; పంక్తుల అమరిక అంతా బ్రౌజర్‌ది. కిటికీని ఇరుకు చేస్తే పంక్తులు పొట్టివై సంఖ్యలో పెరిగేవి, వెడల్పు చేస్తే పొడుగై తగ్గేవి. 1993లో మోజాయిక్ బ్రౌజర్ కోసం మార్క్ ఆండ్రీసన్ ప్రతిపాదించిన బొమ్మ ట్యాగ్ కూడా ఈ నియమానికే లోబడింది. ఆ పద్ధతిలో బొమ్మ ఒక పెద్ద అక్షరంతో సమానం. నాలుగు బొమ్మలను పక్కపక్కన పెడితే మాటలు జారినట్లే చోటు చాలని బొమ్మ కిందికి జారేది. పెట్టెల వరుస మార్పుకు ఇదే తొలి రూపం; దానిపై రచయితకు అదుపేమీ లేదు.

వ్యాపార సంస్థలు, పత్రికలు వెబ్‌లోకి వచ్చేసరికి ఈ ఏర్పాటు ఇబ్బందికరమైంది. 1994లో వెలువడిన నెట్‌స్కేప్ బ్రౌజర్ ప్రమాణాల కోసం ఎదురుచూడకుండా తన సొంత ట్యాగులను చేర్చడం మొదలుపెట్టింది. ఇక్కడ పంక్తి తెగకూడదు అనడానికి ఒక ట్యాగ్, అవసరమైతే ఇక్కడ తెంచవచ్చు అనడానికి మరొకటి, బొమ్మను ఒక పక్కకు జరిపి దాని చుట్టూ మాటలు పారించడానికి ఒక గుర్తు, ఆ పారుదలను ఆపి కిందికి దిగడానికి ఇంకొకటి వచ్చాయి. పట్టిక గడులలోని మాటలు వరుస మారకుండా ఆపే ‘నోర్యాప్’ గుర్తు 1997 జనవరి నాటి హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణంలో చోటు సంపాదించింది. వరుస మార్పును అదుపులో పెట్టేందుకు జరిగిన ఈ తొలి ప్రయత్నాలన్నీ నిషేధాల రూపంలోనే ఉండడం గమనించదగిన విషయం.

పట్టికలు, ఫ్లోట్లు

నిషేధాల దారిలో అన్నింటికంటే ముందుకు వెళ్లింది పట్టిక. అంకెలు, వివరాలు చూపడానికి వచ్చిన పట్టికను రూపకర్తలు పేజీ మొత్తానికి అస్థిపంజరంగా మార్చారు; ఎడమ గడిలో మెనూ, నడిమి గడిలో వ్యాసం, కుడి గడిలో ప్రకటన పెడితే ఏదీ కిందికి జారదు. గడులు కుంచించుకుపోకుండా ఒకే ఒక్క చుక్క కొలత ఉన్న పారదర్శకమైన బొమ్మను కావలసినంత సాగదీసి ఊతంగా నిలబెట్టేవారు. డేవిడ్ సీగెల్ 1996లో వెలువరించిన ‘క్రియేటింగ్ కిల్లర్ వెబ్ సైట్స్’ ఈ కిటుకులకు విస్తృత ప్రచారం కల్పించింది. పట్టిక విధానంలో రూపకర్తకు సంపూర్ణ అధికారం దక్కింది. కిటికీ ఇరుకైతే పేజీ దానికి తగ్గట్టు మారే గుణం మాత్రం పోయింది, చదివేవారు తెరను పక్కలకు జరుపుకుంటూ చదవవలసి వచ్చింది.

అదే సమయంలో పేజీలోని విషయాన్ని దాని రూపం నుంచి వేరుచేయాలన్న ఆలోచన సమాంతరంగా సాగింది. 1994 అక్టోబరులో సెర్న్‌లో ఉన్న హోకన్ వియుమ్ లీ ప్రతిపాదించి, బెర్ట్ బోస్‌తో కలిసి తీర్చిదిద్దిన సీఎస్ఎస్ అనే రూప నిబంధనల భాష 1996 డిసెంబరు 17న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం సిఫారసుగా వెలువడింది. మాటల వరుస మార్పును ఆపే నిబంధన అందులో ఖాళీ స్థలాలకు సంబంధించిన ‘వైట్-స్పేస్’ అనే ప్రాపర్టీలో ఒక విలువగా చేరింది. ఖాళీలను ఎలా చూపాలన్నదానికీ పంక్తిని ఎక్కడ తెంచాలన్నదానికీ సంబంధం లేదు గనుక, ఆ రెండింటినీ ఒకేచోట కలపడం పొరపాటని సీఎస్ఎస్ కార్యవర్గమే తరువాతి కాలంలో తన రూపకల్పన లోపాల జాబితాలో రాసుకుంది. బొమ్మల చుట్టూ మాటలు పారించే నెట్‌స్కేప్ కిటుకు సీఎస్ఎస్‌లో ‘ఫ్లోట్’ పేరుతో స్థిరపడింది.

బ్రౌజర్లు సీఎస్ఎస్‌ను సక్రమంగా అమలు చేయాలని 1998లో ఏర్పడిన వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ ఒత్తిడి తెచ్చింది. 2000 ఏప్రిల్‌లో జాన్ ఆల్సప్ రాసిన ‘ఎ డావ్ ఆఫ్ వెబ్ డిజైన్’ అనే వ్యాసం, వెడల్పు స్థిరంగా లేకపోవడాన్ని వెబ్ లోపంగా చూడరాదని, అదే దాని స్వభావమని వాదించింది. 2003లో డేవ్ షే ప్రారంభించిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్, ఒకే పేజీకి పట్టికలు లేకుండా ఎన్ని రూపాలైనా తొడగవచ్చని కళ్లకు కట్టింది. అయితే పట్టిక పోయాక దాని స్థానంలోకి వచ్చినది ఫ్లోట్. ఒక్క బొమ్మను పక్కకు జరపడానికి పుట్టిన సాధనంతో మొత్తం పేజీని నిలబెట్టవలసి వచ్చింది.

ఫ్లోట్ పెట్టెలు చోటు చాలనప్పుడు తమంతట తాము కిందికి జారతాయి గనుక వరుస మార్పు ఆ మేరకు తిరిగి వచ్చింది, కానీ ఫ్లోట్‌కు వరుస అనే భావనే లేకపోవడం వల్ల అది వక్రంగా వచ్చింది. 600 పిక్సెళ్ల వెడల్పు గల చోటులో 200 పిక్సెళ్ల వెడల్పు గల పెట్టెలను ఎడమకు ఫ్లోట్ చేస్తే మొదటి మూడు పక్కపక్కన నిలుస్తాయి. వాటిలో మొదటి పెట్టె ఎత్తు 300, మిగతా రెండింటి ఎత్తు 200 అయితే, నాలుగో పెట్టె కిందికి దిగి ఎడమ అంచుకు చేరుకోబోయి మధ్యలో అడ్డుగా ఉన్న మొదటి పెట్టె పక్కకు తగులుకుని, రెండో పెట్టె కిందనే ఆగిపోతుంది. మొదటి పెట్టె కింద గుంట మిగులుతుంది. వస్తువుల పేర్లలో ఒకటి రెండు పంక్తులకు పాకితే చాలు, అమ్మకపు పేజీలో వరుసలన్నీ మెట్లుమెట్లుగా చెదిరిపోయేవి. దీనికి విరుగుడుగా పెట్టెలన్నింటికీ ఒకే ఎత్తు విధించడం, మూడేసి పెట్టెలకు ఒక తొడుగు చొప్పున వేయడం, ఫ్లోట్ల తరువాత ‘క్లియర్‌ఫిక్స్’ అనే తెరిపి నిబంధన చేర్చడం వృత్తిలో నిత్యకృత్యమైంది. ఇంకొందరు పెట్టెలను మాటలుగా పరిగణించే ‘ఇన్‌లైన్-బ్లాక్’ పద్ధతికి మళ్లారు. ఆ పద్ధతిలో వరుసలు తీరుగా మారేవి గాని, కోడ్‌లో రెండు ట్యాగుల మధ్య ఉన్న ఖాళీని బ్రౌజర్ మాటల మధ్య ఖాళీగా చూపి లెక్క తప్పించేది. దానిని తప్పించడానికి ఆ తొడుగులో అక్షరాల కొలతను సున్నా చేసి, లోపలి పెట్టెల్లో మళ్లీ పెంచుకునేవారు కూడా ఉండేవారు.

పనిముట్ల పట్టీ నుంచి ప్రమాణం దాకా

ఫ్లెక్స్-ర్యాప్ భాగంగా ఉన్న నేటి ఫ్లెక్స్‌బాక్స్ అనే పెట్టెల అమరిక పద్ధతి మూలాలు వెబ్ పేజీలలో లేవు. అవి బ్రౌజర్ కిటికీ అంచులలో, అంటే మెనూలు, మీటలు, చిరునామా పెట్టె ఉండే పనిముట్ల పట్టీలో ఉన్నాయి. 1998లో నెట్‌స్కేప్ తన కోడ్‌ను బహిరంగపరచగా మొదలైన మొజిల్లా ప్రాజెక్టు, బ్రౌజర్ పైరూపాన్ని వర్ణించడానికి క్సూల్ అనే భాషను తయారు చేసుకుంది. ఆ భాషలో ప్రతి మీటకూ ‘ఫ్లెక్స్’ అనే ఒక అంకె ఇవ్వవచ్చు. పట్టీలో మిగిలిన చోటు ఆ అంకెల నిష్పత్తిలో పంపకమవుతుంది, అంకె లేని మీట తన కొలతలోనే ఉంటుంది. లైనోటైప్ చీలికలు, నూత్ గ్లూ మాటల మధ్య ఖాళీకి చేసిన పనిని క్సూల్ పెట్టెలకే నేరుగా చేసిందనవచ్చు. అయితే పనిముట్ల పట్టీ ఎల్లప్పుడూ ఒకే వరుస గనుక ఈ ఏర్పాటులో మిగులు పంపకం ఒక్కటే ముఖ్యం; వరుస మార్పు గురించి ఆలోచించవలసిన అవసరమే పడలేదు. కిటికీల తయారీలో వరుస మార్పు అసలు తెలియని విషయమేమీ కాదు. 1996లో వచ్చిన జావా తొలి కూర్పులోని ఫ్లోలేఅవుట్, మీటలను పేరాలోని మాటల మాదిరిగా వరుసలుగా పేర్చేది, కానీ మిగులు చోటును మీటలకు పంచేది కాదు. ఈ రెండు గుణాలూ ఒక్కచోట కలవడమే ఫ్లెక్స్‌బాక్స్ ప్రత్యేకత. ఆలస్యానికీ కారణం అదే.

క్సూల్ రూపకల్పనలో పాలుపంచుకున్న డేవిడ్ హయట్ 2002లో ఆపిల్ సంస్థకు మారి సఫారీ బ్రౌజర్ నిర్మాణంలో చేరాడు. ఆ విధంగా రెండు బ్రౌజర్ కుటుంబాలలోనూ ఈ పెట్టెల పద్ధతి చోటు చేసుకుంది. దానిని అందరి వాడుకకూ తేవాలన్న ఉద్దేశంతో 2009 జూలై 23న కన్సార్టియం ఒక ముసాయిదాను వెలువరించింది. అందులో ‘బాక్స్-లైన్స్’ అనే ప్రాపర్టీ ఉంది. ఒకే వరుస, పలు వరుసలు అనే రెండు విలువలు దానికి ఉన్నాయి. కాగితం మీద వరుస మార్పుకు ఇదే పుట్టుక. అయితే ముసాయిదాలోని మిగిలిన భాగాలను అమలు చేసిన బ్రౌజర్లలోనూ ఈ ఒక్కటి పనిచేయలేదు.

ఆ తరువాతి మూడేళ్లలో ముసాయిదా రెండుసార్లు సమూలంగా మారింది. గూగుల్‌కు చెందిన ట్యాబ్ అట్కిన్స్, మైక్రోసాఫ్ట్‌కు చెందిన అలెక్స్ మొగిలెవ్‌స్కీ, వృత్తిలో ఫాంటసాయ్ పేరుతో ప్రసిద్ధురాలైన ఎలికా ఎటెమాడ్ సంపాదకులుగా రూపొందిన పాఠం 2012 సెప్టెంబరు 18న అమలుకు సిద్ధమైన ముసాయిదా స్థాయిని చేరింది. ‘ఫ్లెక్స్-ర్యాప్’ అందులో మూడు విలువలతో నిలిచింది. మొదటిదైన ‘నోర్యాప్’ అన్నింటినీ ఒకే వరుసలో ఉంచుతుంది. ఏమీ చెప్పకపోతే వర్తించేది ఇదే. రెండవదైన ‘ర్యాప్’ చోటు చాలని పెట్టెలను తరువాతి వరుసకు పంపుతుంది. మూడవదైన ‘ర్యాప్-రివర్స్’ కూడా అలాగే పంపుతుంది గాని, కొత్త వరుసలను పాతవాటి పైన పేరుస్తుంది. ఏమీ చెప్పకపోతే వరుస మారకపోవడం క్సూల్ వారసత్వమే. పనిముట్ల పట్టీ స్వభావం మొత్తం వెబ్‌కు ఆనవాయితీ అయింది.

ఈ మార్పుల ఫలితంగా కొంతకాలం మూడు తరాల ఫ్లెక్స్‌బాక్స్ పక్కపక్కనే బతికాయి. 2009 నాటి రూపం పాత సఫారీలో ఉండిపోగా, 2012 మార్చి నాటి నడిమి రూపం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో స్థిరపడిపోయింది. వరుస మార్చవద్దని చెప్పే విలువకు అందులో పేరు కూడా వేరే. ఫైర్‌ఫాక్స్ మరొక దారి తొక్కింది. 2013 జూన్‌లో వచ్చిన 22వ కూర్పులో ఫ్లెక్స్‌బాక్స్ ఉంది, వరుస మార్పు మాత్రం లేదు. అది 2014 మార్చిలో 28వ కూర్పుతో వచ్చింది. ఆ తొమ్మిది నెలల వ్యవధిలో జాగ్రత్తపరులైన వృత్తికారులు బ్రౌజర్‌కు ఫ్లెక్స్‌బాక్స్ తెలుసా అని అడగడం మాని, ఫ్లెక్స్-ర్యాప్ తెలుసా అని అడిగే షరతు రాసుకునేవారు. పెట్టెలు వరుస మారని బ్రౌజర్‌లో పేజీ మొత్తం ఒకే వరుసలో ఇరుక్కుపోయే ప్రమాదం ఉండడమే దానికి కారణం.

లెక్క జరిగే తీరు

వరుస మార్పు అమలులో ఎందుకు అన్నింటికంటే వెనుకబడిందో ఆ లెక్కను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఒకే వరుసలో మిగులు పంచడం తేలికైన భాగహారం. వరుసలు ఒకటికి మించితే ఏ పెట్టె ఏ వరుసలో పడుతుందో తేలాకే మిగులు తెలుస్తుంది, మిగులు పంచాకే పెట్టె తుది వెడల్పు తెలుస్తుంది, వెడల్పు తెలిశాకే అందులోని మాటలు ఎన్ని పంక్తులవుతాయో, తద్వారా పెట్టె ఎత్తెంతో తెలుస్తుంది, ఆ వరుసలోని అత్యధిక ఎత్తు తేలాకే తరువాతి వరుస ఎక్కడ మొదలవాలో తెలుస్తుంది. ఈ గొలుసు ఎక్కడా వెనక్కి తిరిగి చుట్టుకోకుండా ప్రమాణం ఒక కట్టుదిట్టమైన క్రమాన్ని విధించింది. ముందుగా ప్రతి పెట్టెకూ సాగడం, కుంచించుకోవడం లేని ఆధార కొలత తీసుకుని, దానితోనే పెట్టెలను వరుసలుగా విభజిస్తారు. వరుసలు ఖాయమైన తరువాత ఏ వరుస మిగులును ఆ వరుసలోనే పంచుతారు. ఒకసారి జరిగిన విభజనను మళ్లీ తిరగతోడరు.

ఒక ఉదాహరణ దీనిని స్పష్టం చేస్తుంది. కంటైనర్ అనబడే తొడుగు పెట్టె వెడల్పు 600 పిక్సెళ్లు, లోపలి పెట్టెలు ఐదు, ఒక్కొక్కదాని ఆధార కొలత 180, పెట్టెల మధ్య ఖాళీ 20 అనుకుంటే, మూడు పెట్టెలకు రెండు ఖాళీలతో కలిపి 580 అవుతుంది గనుక మొదటి వరుసలో మూడు పడతాయి, నాలుగోది కిందికి జారుతుంది. పెట్టెలన్నింటికీ సాగే గుణం సమానంగా ఇస్తే మొదటి వరుసలో మిగిలిన 20 పిక్సెళ్లను మూడూ పంచుకుని ఒక్కొక్కటి సుమారు 187 అవుతుంది; రెండో వరుసలో ఉన్నవి రెండే గనుక ఒక్కొక్కటి 290 దాకా విస్తరిస్తుంది. తొడుగు 560కి కుదించుకుపోతే వరుసకు రెండే పడతాయి. నాలుగు పెట్టెలు 270 చొప్పున, ఐదోది ఒంటరిగా 560 నిండా పరుచుకుంటుంది. చివరి వరుస పెట్టెలు ఈ విధంగా ఉబ్బిపోవడం వృత్తిలో చాలాకాలం పెద్ద ఫిర్యాదు. అయితే ఇది దోషం కాదు. ఏ వరుస లెక్క ఆ వరుసదే అన్న నియమానికి తార్కికమైన పర్యవసానం. ‘వరుస మార్చు’ అని చెప్పినచోట పెట్టెలు కుంచించుకోవడం దాదాపు కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే క్రమం: కుంచించుకోవలసిన స్థితి రాకముందే పెట్టె కిందికి జారిపోతుంది గనుక, వరుసలో ఒంటరిగా ఉండి కూడా పట్టని పెట్టెకు మాత్రమే ఆ అవసరం కలుగుతుంది.

పెట్టెలను నిలువుగా పేర్చి, ఎత్తు చాలనప్పుడు పక్కన మరో నిలువు వరుస మొదలుపెట్టమన్నప్పుడు ఈ క్రమం తడబడింది. నిలువు వరుసలెన్నో తేలకముందే తొడుగు తన వెడల్పు ప్రకటించవలసి రావడంతో, లోపల వరుసలు పెరిగినా తొడుగు ఒక్క వరుస వెడల్పులోనే ఉండిపోయే లోపం ప్రధాన బ్రౌజర్లలో చాలా ఏళ్లు కొనసాగింది.

నిబంధన వాడుకలో పడిన తరువాత

2007లో ఐఫోన్ రాకతో తెర వెడల్పుల మధ్య అంతరం ఒక్కసారిగా పెరిగింది. 2010 మే 25న ఈథన్ మార్కాట్ ప్రచురించిన ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ వ్యాసం, తెర వెడల్పు ఫలానా హద్దు దాటితే ఫలానా అమరిక అని ముందుగా రాసిపెట్టే పద్ధతికి పేరూ ఊరూ కల్పించింది. ఆ హద్దులను బ్రేక్‌పాయింట్లు అంటారు. ట్విటర్‌లో పనిచేస్తున్న మార్క్ ఆటో, జేకబ్ థార్న్‌టన్ 2011 ఆగస్టులో విడుదల చేసిన బూట్‌స్ట్రాప్, తరువాతి కూర్పులలో పన్నెండు నిలువు భాగాల గ్రిడ్‌ను ఈ హద్దులతో ముడిపెట్టి విశేషంగా వ్యాపింపజేసింది; ఫ్లోట్ల మీద నిలబడిన ఆ గ్రిడ్ 2018 జనవరి నాటి నాలుగో కూర్పులో ఫ్లెక్స్‌బాక్స్‌కు మారింది. బ్రేక్‌పాయింట్ పద్ధతిలో వరుస ఎక్కడ మారాలో రూపకర్త తెరలను ఊహించి చెబుతాడు. ఫ్లెక్స్-ర్యాప్‌లో తెర ప్రస్తావనే రాదు. పెట్టెకు కనీసం ఎంత చోటు కావాలో చెబితే చాలు, మిగిలినది బ్రౌజర్ తేల్చుకుంటుంది. ఈ రెండవ తీరును 2018 ప్రాంతంలో జెన్ సిమన్స్ అంతర్గత రూపకల్పన అనే అర్థమిచ్చే పేరుతో ఒక సిద్ధాంతంగా ప్రచారం చేసింది.

ఆ సిద్ధాంతానికి ఉదాహరణగా 2019లో హేడన్ పికరింగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక కిటుకును చెప్పుకోవచ్చు. మూడు పెట్టెలున్నచోట తెర ఇరుకైతే రెండు పైన, ఒకటి కింద అనే నడిమి దశ వస్తుంది. అది లేకుండా మూడూ ఒకే వరుసలో గాని, మూడూ ఒకదాని కింద ఒకటి గాని ఉండాలంటే, ప్రతి పెట్టె ఆధార కొలతను హద్దు వెడల్పు నుంచి తొడుగు వెడల్పును తీసివేసి ఆ శేషాన్ని 999తో గుణించిన మొత్తంగా రాయాలి. తొడుగు హద్దుకంటే వెడల్పుగా ఉంటే ఆ మొత్తం రుణసంఖ్యయి చెల్లకుండా పోయి పెట్టెలన్నీ ఒకే వరుసలో సర్దుకుంటాయి. ఇరుకుగా ఉంటే అది ఎంత పెద్ద సంఖ్య అవుతుందంటే ప్రతి పెట్టెకూ ఒక్కో వరుస కేటాయించక తప్పదు. పెట్టెల మధ్య ఖాళీని నేరుగా చెప్పే ‘గ్యాప్’ ఫ్లెక్స్‌బాక్స్‌లో ఫైర్‌ఫాక్స్‌కు 2018లో, క్రోమ్‌కు 2020లో, సఫారీకి 2021లో వచ్చింది. అంతవరకు అంచులలో రుణాత్మక ఖాళీలు పెట్టి నెట్టుకొచ్చారు. 2017 మార్చిలో ప్రధాన బ్రౌజర్లకు చేరిన సీఎస్ఎస్ గ్రిడ్, నిలువు వరుసలనే ముందు ఖాయం చేసి వాటిలో పెట్టెలను నింపుతుంది గనుక చివరి వరుస ఉబ్బు దానిలో కనిపించదు. అందువల్ల సమాన గడులకు గ్రిడ్, కొలతలు తేడాగా ఉండే మీటలు, గుర్తులు, మెనూలకు ఫ్లెక్స్ అనే విభజన క్రమంగా వాడుకలోకి వచ్చింది.

చదివేవారి హక్కును ప్రమాణంగా రాసింది కన్సార్టియం వెలువరించిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాల 2.1 కూర్పు. 2018 జూన్ 5న వెలువడిన ఆ పాఠంలోని 1.4.10 నిబంధన ప్రకారం, 320 పిక్సెళ్ల వెడల్పులో సైతం పాఠకుడు అడ్డంగా జరుపుకోవలసిన పని లేకుండా సాధారణ పాఠ్యమంతా చదవగలగాలి. 1280 పిక్సెళ్ల తెరపై నాలుగింతలు పెద్దది చేసి చదివే మందదృష్టి గలవారికి మిగిలే వెడల్పు సరిగ్గా అంతే కావడం ఆ అంకెకు ఆధారం. రూపకర్త సౌకర్యం కోసం తొంభైలలో నిషేధించిన వరుస మార్పు ఈ నిబంధనతో పాఠకునికి ఇచ్చి తీరవలసిన వసతిగా మారింది. ర్యాప్-రివర్స్ వంటి విలువలు కంటికి కనిపించే క్రమాన్ని మాత్రమే తిప్పి, కీబోర్డుతో నడిచే క్రమాన్ని, చదివి వినిపించే క్రమాన్ని పాతదిగానే ఉంచుతాయి గనుక వాటి వాడకంలో జాగ్రత్త అవసరమన్న హెచ్చరిక కూడా ఈ దృష్టి నుంచే వచ్చింది.

తెలుగు పేజీలలో వరుస మార్పుకు తనదైన చిక్కు ఒకటి ఉంది. ఫ్లెక్స్ పెట్టె, వేరుగా చెప్పకపోతే, తనలోని అతి పొడవైన మాటకంటే ఇరుకు కాదు. విభక్తులు, బహువచనాలు, అవధారణలు మాటకే అంటిపెట్టుకునే తెలుగులో ‘విశ్వవిద్యాలయాలన్నింటిలోనూ’ వంటిది ఒక్కటే మాట. ఇంగ్లీషులో నాలుగైదు మాటలై అవసరమైనచోట విరిగే భావం ఇక్కడ విరగని ఒకే దిమ్మె అవుతుంది. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించి విడిచిన పెట్టెల వరుస తెలుగు పాఠం చేరగానే ముందే కిందికి జారడం, లేదా నోర్యాప్ ఉన్నచోట అంచు దాటిపోవడం ఇందువల్లనే. మాటను మధ్యలో తెంచమని బలవంతపెడితే మరో ప్రమాదం ఎదురయ్యేది; విడదీయరాని అక్షర సముదాయాల హద్దులను నిర్దేశించే యూనికోడ్ నియమాలు పొల్లు తరువాత హద్దును అనుమతించేవి గనుక, ‘క్ష’ వంటి సంయుక్తాక్షరం రెండు ముక్కలై ఒక పంక్తి చివర ‘క్’, తరువాతి పంక్తి మొదట ‘ష’ రావడానికి ఆ నియమాల్లో అడ్డు ఉండేది కాదు. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు ఆ హద్దును తొలగించే నియమాన్ని చేర్చింది.

మాటల విషయంలో బ్రౌజర్లు, వెనక్కి తిరిగి చూడకుండా పంక్తులను తెంచే తమ పాత మార్గాన్ని ఇటీవల కొంత సడలించుకున్నాయి. శీర్షికల పంక్తులను సమతూకంగా తెంచే ‘టెక్స్ట్-ర్యాప్’ విలువలు 2023లో క్రోమ్‌తో మొదలై ఆచరణకు వచ్చాయి, ఖాళీల ప్రాపర్టీ నుంచి వరుస మార్పును విడదీయాలన్న పాత కోరిక కూడా ఆ పేరుతో తీరింది. పెట్టెల విషయంలో మాత్రం 2012 నాటి ఒప్పందమే నడుస్తోంది. రూపకర్త కనీస కొలతలు, సాగే నిష్పత్తులు చెబుతాడు. పాఠకుడు తెరనూ అక్షరాల పరిమాణాన్నీ ఎంచుకుంటాడు. ఈ రెండింటినీ కలిపి వరుస ఎక్కడ మారాలో బ్రౌజర్ తేలుస్తుంది. ఈ ఒప్పందానికి రూపకర్త చెల్లించే మూల్యం ఒకటుంది: ఒక పెట్టె కిందికి జారిందా లేదా అన్నది సీఎస్ఎస్‌లో అడిగి తెలుసుకునే వీలు లేదు. జారిన పెట్టెకు వేరే రూపం ఇవ్వనిస్తే, ఆ రూపం వల్ల అది కుంచించుకుని తిరిగి పై వరుసకు ఎక్కవచ్చు, ఎక్కగానే ఆ రూపం పోయి మళ్లీ జారవచ్చు; ఆ చక్రానికి అంతం ఉండదు. 2022, 2023 సంవత్సరాలలో బ్రౌజర్లకు చేరిన కంటైనర్ క్వెరీలు కూడా తొడుగు వెడల్పును అడగనిస్తాయి గాని వరుస మార్పును అడగనివ్వవు. వరుస మార్చే పనిని బ్రౌజర్‌కు అప్పగించిన రూపకర్త, ఏ తెరపై ఏ వరుస మారినా చెల్లుబాటయ్యేలా తన పేజీని ముందే అల్లుకోవలసి ఉంటుంది. ఈ వృత్తిలో నేర్పు అనే మాటకు నేడు ఉన్న అర్థంలో పెద్ద భాగం అదే.